మంగమ్మ రాణి: ఖైదుకు ముందు గీసిన ముఖం

రైల్వే పాస్ మీద రామేశ్వరం యాత్రకు బయల్దేరిన మన బిలాస్‌పూర్ తోర్వా పేట కుటుంబాలు మధ్యలో మదురైలో దిగకుండా ఉండవు. మీనాక్షమ్మను చూడకుండా రామేశ్వరం వెళ్ళడానికి మన పెద్దవాళ్ళు ఒప్పుకోరు. మదురై స్టేషన్ బయటికి వస్తే ఎదురుగా ఒక పాత సత్రం ఉంటుంది. దాన్ని మంగమ్మ సత్రం అంటారు. రిక్షా బేరంలో, సామాను లెక్కలో పడి చాలామంది దానివైపు చూడరు. ఆ సత్రం పేరులో ఉన్న మంగమ్మ తెలుగు ఆడపడుచు. దక్షిణ తమిళ దేశాన్ని పదిహేనేళ్ళకు పైగా ఏలిన రాణి. చివరికి సొంత భవనంలోనే ఖైదీ అయి, తిండి లేక చనిపోయిందని మదురైలో తరతరాలుగా చెప్పుకుంటారు.

ఆమె ముఖం మాత్రం మిగిలింది. మీనాక్షి గుడిలో ఒక మండపం పైకప్పు మీద ఆమె బొమ్మ ఉంది. ఖైదు కావడానికి కొన్నేళ్ళ ముందు, అధికారం చేతిలో ఉన్నప్పుడు గీయించిన బొమ్మ అది. ఖైదులో ఉన్న మంగమ్మను చూసి ఎవరూ బొమ్మ గీయలేదు. అయినా మూడు వందల ఏళ్ళుగా ఆ బొమ్మ కింద నిలబడ్డవాళ్ళు దానిలో ఖైదీనే వెతికారు, ఖైదుకు కారణాన్ని కూడా ఆ రంగుల్లోనే వెతికారు. ఈ వ్యాసం ఆ చూపుల గురించి. ఒకే ముఖాన్ని ఒక్కో కాలం ఎలా చదివిందో, అందులో ఏ చదువు నిలుస్తుందో, ఏది నిలవదో ఓపిగ్గా చూద్దాం.

ముందు మనిషి సంగతి. విజయనగర రాజుల ప్రతినిధులుగా దక్షిణాదికి వెళ్ళిన తెలుగు నాయకులు 16వ శతాబ్దంలో మదురైలో సొంత రాజ్యం నిలబెట్టుకున్నారు. ఆ వంశానికి మూలపురుషుడు విశ్వనాథ నాయకుడు. అందరికీ తెలిసిన రాజు తిరుమల నాయకుడు, 1623 నుంచి 1659 దాకా ఏలాడు. తిరుమలుడి మనవడు చొక్కనాథ నాయకుడు. ఆయన దగ్గర పనిచేసిన తుపాకుల లింగమ నాయకుడి కూతురు మన మంగమ్మ. చొక్కనాథుడి భార్య అయింది. 1682లో చొక్కనాథుడు పోయాడు. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప ఏడేళ్ళు ఏలి, 1689లో మశూచి సోకి చనిపోయాడు. అప్పటికి కోడలు చిన్న ముత్తమ్మ కడుపుతో ఉంది. మగబిడ్డ పుట్టాడు. ఆ బాలింత కూడా భర్త వెనకే వెళ్ళిపోయిందని కథ. మిగిలింది నాయనమ్మ, పాలుతాగే మనవడు. ఆ పసివాడికి విజయరంగ చొక్కనాథుడని పేరు పెట్టి, పట్టం కట్టి, అతని తరఫున మంగమ్మ రాజ్యం చేతిలోకి తీసుకుంది.

అది తేలికైన కాలం కాదు. జింజి కోట చుట్టూ ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్ ఏళ్ళ తరబడి ముట్టడి వేసి కూర్చున్నాడు. పడమట మైసూరు, తూర్పున తంజావూరు మరాఠాలు, దక్షిణాన తిరువాన్కూరు, పక్కలో రామనాథపురం సేతుపతి. మంగమ్మ మొఘలాయిలకు కప్పం కట్టి పెద్ద శత్రువును దూరం పెట్టింది. కప్పం ఎగ్గొట్టిన తిరువాన్కూరు మీదికి 1697లో సైన్యం పంపింది. తంజావూరుతో యుద్ధం చేసి గెలిచింది. తరవాత మైసూరు చిక్కదేవరాయలు కావేరికి అడ్డుకట్ట వేశాడని తెలిసి అదే తంజావూరుతో చేతులు కలిపింది. రెండు సైన్యాలు కదలకముందే వరద వచ్చి ఆ కట్టను కొట్టేసింది. 1702లో సేతుపతి మీది యుద్ధంలో మాత్రం ఆమె దళవాయి నరసప్పయ్య చనిపోయాడు, సైన్యం ఓడింది.

మతం విషయంలో ఆమె చెయ్యి పెద్దది. సేతుపతి చెరలో ఉన్న ఒక జెసూట్ పాదిరీని విడిపించింది. ఆమె కొలువుకు వచ్చిన బూషే అనే ఫ్రెంచి పాదిరీ తెచ్చిన కానుకల్లో తమిళంలో పేర్లు రాసిన ఒక భూగోళం కూడా ఉంది. బాటలు వేయించింది, బాటకు రెండు వైపులా చెట్లు నాటించింది, బావులు తవ్వించింది, సత్రాలు కట్టించింది. దక్షిణాదిలో ఇప్పటికీ కొన్ని పాత దారులను మంగమ్మ సాలై, అంటే మంగమ్మ బాట అంటారు.

ఇక చివరి ఘట్టం. 1704 తరవాత మనవడికి ఈడు వచ్చింది. నాయనమ్మ అధికారం వదలలేదని ఒక కథ, వదలనివ్వకుండా ఆమె మంత్రి అడ్డుపడ్డాడని ఇంకో కథ. ఆ మంత్రి పేరు అచ్చయ్య. రాణికీ అతనికీ సంబంధం అంటగట్టి గుసగుసలు లేచాయి. మనవడి పక్షం వాళ్ళు ఆమెను పట్టుకుని సొంత భవనంలోనే బంధించారు. అన్నం పెట్టలేదు. అంతకంటే ఘోరం, కంటికి కనిపించేంత దూరంలో, వాసన తగిలేంత దూరంలో, చెయ్యి అందనంత దూరంలో పళ్ళెం పెట్టారని చెప్తారు. 1706 ప్రాంతంలో ఆమె కథ ముగిసింది.

ఈ కథను అచ్చులోకి తెచ్చింది ఎవరు? 1868లో జె.హెచ్. నెల్సన్ అనే ఇంగ్లీషు అధికారి మదురై జిల్లా గురించి పెద్ద పుస్తకం రాశాడు. 1906లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ జిల్లా గెజిటీర్ రాశాడు. ఊళ్ళో చెప్పుకునే మాటలు ఈ రెండు పుస్తకాల్లోకి ఎక్కి, అక్కడి నుంచి మిగతా చరిత్రలన్నిటిలోకీ వెళ్ళాయి. మంగమ్మ పోయిన నూట అరవై ఏళ్ళ తరవాత నెల్సన్ రాశాడన్నది మనం గుర్తుపెట్టుకోవాలి. రాజుల శాసనాలు దానాలు చెప్తాయి, గెలుపులు చెప్తాయి. ఇంటి పెద్దను ఆకలితో చంపామని ఏ రాజూ రాతి మీద చెక్కించడు. కాబట్టి శాసనాల మౌనం వల్ల ఆ కథ అబద్ధమని తేలదు, నిజమనీ తేలదు. ఆమె అధికారం పోగొట్టుకుందన్నది, ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదన్నది గట్టి నేల. పళ్ళెం సంగతి జనం నోట నిలిచిన జ్ఞాపకం.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వెళ్దాం. మీనాక్షి గుడిలో పొట్రామరై కుళం అనే కోనేరు ఉంది, బంగారు తామర కోనేరు. దాని పడమటి గట్టున ఊంజల్ మండపం, అంటే ఊయల మండపం. శుక్రవారం సాయంత్రం అమ్మవారినీ స్వామినీ తెచ్చి అక్కడి ఊయలలో కూర్చోబెడతారు. ఈ మండపం మంగమ్మ కట్టించిందని చెప్తారు. తల ఎత్తి చూస్తే పైకప్పు నిండా బొమ్మలు. వాటిలో ఒకటి మీనాక్షి పట్టాభిషేకం. అమ్మవారి సన్నిధి నుంచి రాజదండం మంగమ్మ చేతికి అందుతున్న ఘట్టం అది.

ఈ ఒక్క ఘట్టం అర్థమైతే బొమ్మ సగం అర్థమైనట్టే. మదురై దేశాన్ని ఏలేది మీనాక్షి అని అక్కడి నమ్మకం. చైత్రం ఉత్సవాల్లో అమ్మవారికి కిరీటం పెట్టి, చేతిలో రాజదండం ఉంచి పట్టాభిషేకం చేస్తారు. ఆ దండాన్ని అర్చకుల ద్వారా ఆ కాలపు పాలకుడు అందుకోవాలి. ఏలిక అమ్మది, ఆమె పేరున పని చేసే అధికారం రాజుది అని దాని అర్థం. ఇప్పుడు రాజులు లేరు, గుడి ధర్మకర్తలు అందుకుంటున్నారు. మంగమ్మ కాలంలో దాన్ని అందుకోవాల్సింది పట్టం కట్టిన పసివాడు. బొమ్మలో అందుకుంటున్నది మంగమ్మ. తాను మనవడి తరఫున ఏలుతున్నానన్న మాట నోటితో అనడం ఒకటి, ఊరంతా వచ్చి నిలబడే మండపం పైకప్పు మీద అమ్మవారి ఎదుట రాయించడం ఇంకొకటి. ఆడది ఏలడమేమిటని అడిగినవాళ్ళకు, ఈ ఊరిని ఏలేది మొదటినుంచీ ఆడదే కదా అని ఆ బొమ్మ జవాబు చెప్తోంది. నాకు తెలిసినంతలో నాయకరాజుల కాలపు బొమ్మల్లో ఇంత ధైర్యంగా మాట్లాడేది మరొకటి లేదు.

అదే మండపంలో మీనాక్షి కల్యాణం బొమ్మ కూడా ఉంది. పెళ్ళి చూడ్డానికి వచ్చిన పెద్దల్లో మంగమ్మతో పాటు మనవడు విజయరంగ చొక్కనాథుడూ ఉన్నాడు. రేపు చెరలో పెట్టబోయేవాడూ, చెరలో పడబోయే మనిషీ ఒకే పెళ్ళిపందిట్లో భక్తితో నిలబడి ఉన్నారు. చిత్రకారుడికి ఆ సంగతి తెలిసే వీలు లేదు. మనకు తెలుసు గనక మనం ఆ బొమ్మను అమాయకంగా చూడలేం. మన బాధను తీసుకెళ్ళి చిత్రకారుడి కుంచెకు అంటగట్టకూడదు, అంతే.

నాయకరాజుల కాలంలో మనిషి బొమ్మ వేయడానికి ఒక పద్ధతి ఉండేది. మీనాక్షి గుడి తూర్పు గోపురం ఎదుట తిరుమల నాయకుడు కట్టించిన పుదుమండపంలో, విశ్వనాథుడి నుంచి తిరుమలుడి దాకా పది మంది రాజుల విగ్రహాలు స్తంభాల మీద ఉన్నాయి. అందరూ చేతులు జోడించినవాళ్ళే, నగలు వేసుకున్నవాళ్ళే. శిల్పి తిరుమలుడి బొజ్జను దాచలేదు. రాజు ఒళ్ళు రాజు ఒళ్ళులాగానే ఉండాలి, నిలబడిన తీరు మాత్రం భక్తుడి తీరుగా ఉండాలి అన్నది వాళ్ళ నియమం. గోడల మీదా పైకప్పుల మీదా వేసిన రంగుల బొమ్మల్లో పక్కనుంచి కనిపించే ముఖం, కోసుగా సాగిన పెద్ద కన్ను, తరచూ ఎర్రటి నేల, ఒంటి నిండా నగలు, పల్చటి బట్టల మీద పూల అంచులు. మనిషి మనసులో ఏముందో ఆ ముఖాల్లో వెతికితే దొరకదు. అవి చెప్పేది వేరే సంగతి: ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరి ఎత్తు ఎంత. కింద కొన్నిచోట్ల తెలుగులోనూ తమిళంలోనూ పేర్లు రాసి ఉంటాయి. దేవుడి కథ మధ్యలో తమ ఏలికను గుర్తుపట్టి ప్రజలు నమస్కారం పెట్టాలన్నది వాటి ఉద్దేశం.

ఈ పద్ధతి తెలియనివాళ్ళు వచ్చి ఆ బొమ్మ చూస్తే ఏమవుతుంది? 1906 గెజిటీర్ కాలం నాటికి ఏమైందో చూడండి. అదే మండపంలో ఒక యువకుడి విగ్రహం ఉంది, పైకప్పు బొమ్మలో రాణికి ఎదురుగా ఒక మగమనిషి ఉన్నాడు. ఇతనే అచ్చయ్య, ఇతనే రాణి ప్రియుడు అని జనం చెప్పుకునేవారు. గెజిటీర్ దాన్ని ఎక్కించింది. ఇంకో సాక్ష్యం కూడా చూపారు: రాణి వితంతువు కదా, వితంతువు కట్టాల్సిన తెల్లచీర కట్టకుండా ఈ నగలేమిటి, ఈ రంగులేమిటి?

ఈ వాదాన్ని కొంచెం నిలబెట్టి అడగాలి. గుడి మండపంలో రాణి పక్కన మంత్రి బొమ్మ ఉండటంలో వింతేముంది? రాజుల బొమ్మల పక్కన మంత్రులు, దళవాయిలు, దాతలు ఉండటం ఆ కాలపు అలవాటు. రాజుకు ఎదురుగా నిలబడ్డ మంత్రిని చూసి ఎవరూ ఇలాంటి కథ అల్లలేదు. ఇక నగల సంగతి. అమ్మవారి చేతి దండం అందుకునే మనిషిని పాలకుడి వేషంలో కాక ఎలా చూపిస్తారు? అక్కడ నిలబడింది చొక్కనాథుడి విధవ కాదు, మదురై రాజ్యం. ఆ స్థానానికి ఒక వేషం ఉంది, చిత్రకారుడు ఆ వేషం వేశాడు. తెల్లచీరలో గీసి ఉంటే పట్టాభిషేకానికే అర్థం ఉండేది కాదు. కాకతి రుద్రమదేవిని వరంగల్లు శిల్పాల్లో సింహం మీద కూర్చోబెట్టిన శిల్పి కూడా ఇదే పని చేశాడు. ఆమె భర్త వీరభద్రుడు ఉన్నాడా పోయాడా అని ఆ శిల్పం ఎవరికీ చెప్పదు, చెప్పనక్కర్లేదు.

అచ్చయ్యతో రాణికి ఏముందో ఏం లేదో మనం తేల్చలేం, తేల్చాల్సిన అవసరమూ నాకు కనబడదు. కానీ ఆ బొమ్మను సాక్ష్యంగా చూపించడం తప్పని మాత్రం గట్టిగా చెప్పగలను. ఖైదు కథ ముందు పుట్టింది, దానికి కారణం కావలసి వచ్చింది, కళ్ళు పైకప్పు మీదికి వెళ్ళాయి. ఎడమచేత్తో తాంబూలం వేసుకుని, ఆ తప్పుకు ప్రాయశ్చిత్తంగా ఇన్ని దానాలు చేసిందని మదురైలో ఇంకో కథ ఉంది. బాటలు, బావులు, సత్రాలు అన్నీ ఒక పొరపాటుకు కట్టిన జరిమానా అట! తిరుమల నాయకుడి కట్టడాలకు జనం ఇలాంటి కారణం వెతకలేదు. పన్ను డబ్బుతో దారి వేయించడం పాలకుల పని, ఆమె ఆ పని చేసింది అంటే సరిపోయేది.

ఇక్కడ కొంచెం దూరం వెళ్ళి, దాదాపు అదే కాలంలో ఇలాగే బంధించబడ్డ ఇంకో రాచబిడ్డను చూస్తే మన మంగమ్మ బొమ్మ విలువ ఇంకా తేటపడుతుంది. ఆమె పేరు లియొనోరా క్రిస్టీనా. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కూతురు, 1621లో పుట్టింది. భర్త కార్ఫిట్స్ ఉల్‌ఫెల్ట్ ఆ రాజ్యంలో పెద్ద పదవి చేసి, చివరికి రాజద్రోహి అనిపించుకున్నాడు. 1660లో భార్యాభర్తలిద్దరినీ బోర్న్‌హోల్మ్ ద్వీపంలోని హామెర్స్‌హుస్ కోటలో బంధించి, మరుసటి ఏడు వదిలారు. 1663లో భర్తకు రావాల్సిన అప్పు వసూలు చేయడానికి ఇంగ్లండు వెళ్తే, అక్కడి రాజు రెండో చార్లెస్ ఆమెను పట్టించాడు. కోపెన్‌హాగన్ రాజభవనంలో నీలిబురుజు అనే చెరసాలలో వేశారు. భర్త మరుసటి ఏడే ఎక్కడో పరాయి దేశంలో చనిపోయాడు. ఆమె మాత్రం 1685 మే వరకు, దాదాపు 22 ఏళ్ళు అక్కడే ఉంది. ఆమె మీద పగబట్టిన రాణి సోఫీ అమాలీ పోయాక గాని తలుపు తెరుచుకోలేదు. ఆ తరవాత మారిబో అనే ఊళ్ళో ఒక మఠం దగ్గర బతికి 1698లో కన్నుమూసింది. అంటే లియొనోరా చివరి రోజుల్లో, ఇటు మంగమ్మ రాజధాని తిరుచిరాపల్లి కొలువులో కూర్చుని తిరువాన్కూరు కప్పం లెక్కలు చూస్తోంది.

లియొనోరా రూపానికి రెండు దశలున్నాయి. చెరకు ముందు డచ్చి చిత్రకారుడు గెరిట్ వాన్ హోంట్‌హోర్స్ట్ లాంటివాళ్ళు గీసిన బొమ్మల్లో ఆమె పట్టుబట్టలు, ముత్యాలు వేసుకున్న పడుచు. చెరలో ఎవరూ గీయలేదు. కానీ ఆమె రాసింది. మొదట్లో కాగితం ఇవ్వకపోతే చక్కెర పొట్లాల కాగితం దాచుకుని రాసింది. తరవాత ఆ చెరసాల బతుకంతా ఒక పెద్ద గ్రంథంగా కూర్చింది. ఎలుకలు, కాపలా ఆడవాళ్ళు, వాళ్ళ తిట్లు, వెలుతురు లేని గది, మొదటి రోజున రాణి దాసీలు తన బట్టలు విప్పి వెతికిన అవమానం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాతప్రతి ఆమె వారసుల ఇంట్లో పడి ఉండి, 1869లో గాని అచ్చు కాలేదు. అచ్చు కాగానే డెన్మార్క్ ఆమెను కొత్తగా చూసింది. ఆమె మొదట బందీ అయిన బోర్న్‌హోల్మ్ ద్వీపంలోనే 1843లో పుట్టిన క్రిస్టియన్ జార్ట్‌మన్ అనే చిత్రకారుడు ఆ పుస్తకం చదివి, మళ్ళీ మళ్ళీ ఆమెనే గీశాడు. దాసీల చేతుల్లో బట్టలు పోగొట్టుకుంటూ తల వంచని ఆడమనిషి, చెర నుంచి బయటికి వస్తున్న వృద్ధురాలు, మఠంలో బరువెక్కిన ఒళ్ళుతో కూర్చున్న ముసలమ్మ. ముత్యాల పడుచు ఆ బొమ్మల్లో లేదు. జార్ట్‌మన్ ఆమెను ఎన్నడూ చూడలేదు, చూసే వీలు లేదు. అయినా ఆమె మాటను చదివి గీశాడు గనక ఆ బొమ్మల్లో ఆమె పక్షం ఉంది.

మంగమ్మకు ఆ అదృష్టం లేదు. బంధించిన గదిలో ఆమె ఏమనుకుందో చెప్పే ఒక్క ముక్క మనదాకా రాలేదు. రాయగల తెలుగు ఆ కొలువులో లేదనుకోకండి. విజయరంగ చొక్కనాథుడి కాలం తెలుగు వచనానికి మంచి కాలం. శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం అనే తెలుగు వచన గ్రంథాలు ఆయన పేరు మీదే ఉన్నాయి. జైమిని భారతాన్ని వచనంలో చెప్పిన సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు ఆ కొలువు మనిషే. అంత చక్కని వచనం రాసే కలాలు క్షేత్రాల మహిమలు చెప్పాయి, శృంగారం చెప్పాయి. ఇంట్లో జరిగింది చెప్పలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఒక తెలుగు రాణి చివరి రోజుల గురించి మనకున్న మాటలు ఊరి గుసగుసలు, వాటిని ఎక్కించుకున్న ఇంగ్లీషు దొరల పుస్తకాలు మాత్రమే.

అందుకే పైకప్పు బొమ్మ అంత ముఖ్యం. లియొనోరా తన మాటను కాగితం మీద పెట్టింది. మంగమ్మ తన మాటను సున్నం మీద, రంగుల్లో పెట్టించింది, అదీ చెరకు ముందే. ఆమె సొంత మాట ఏమిటని ఎవరైనా అడిగితే చూపించడానికి మనకున్న వాటిలో ఆ రాజదండం బొమ్మ ముందు వరసలో నిలుస్తుంది.

20వ శతాబ్దంలో మంగమ్మ ముఖం మళ్ళీ మారింది. దేశం తనను తాను ఏలుకునే రోజులు వచ్చాక గుసగుసలు వెనక్కి పోయి బాటలు ముందుకొచ్చాయి. ఆమె వేసవి విడిదిగా చెప్పే తముక్కం భవనంలో 1959లో గాంధీ స్మారక మ్యూజియం వెలిసింది. నా. పార్థసారథి తమిళంలో ఆమె మీద నవల రాశాడు. అన్నిటికంటే నాకు నచ్చిన గౌరవం ఇంకొకటి ఉంది: తమిళనాడు ప్రభుత్వం దిండుగల్లు ప్రాంతం బస్సుల సంస్థకు రాణి మంగమ్మ పేరు పెట్టింది. 1997లో సంస్థలన్నిటికీ మనుషుల పేర్లు తీసేసే దాకా ఆమె వేయించిన బాటల మీద ఆమె పేరున్న బస్సులు తిరిగాయి. రైళ్ళ మీద బతికే మన తోర్వావాళ్ళకు ఈ గౌరవం విలువ చెప్పనక్కర్లేదు. దారి వేసిన మనిషిని దారి మీదే తలుచుకోవడం అది.

ముఖం తెలియని మనిషిని కూడా ఊరు అలాగే తలుచుకోగలదు. మనం ఉంటున్న బిలాస్‌పూర్‌కు పేరు బిలాసా అనే కేవటిన్, అంటే పడవ నడిపే కులం ఆడమనిషి వల్ల వచ్చిందంటారు. ఆమెను చూసి గీసిన బొమ్మ లేదు. 2021లో ప్రయాణికుల విమానాలు మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు. ఇక్కడి అర్పా నది ఒడ్డున పడవ నడిపినవాళ్ళకు గుడి పైకప్పు దొరకదు. మంగమ్మకు దొరికింది, ఎందుకంటే ఆ బొమ్మ ఆమె వేయించుకుంది.

ఈ సంగతి ఆమె ఇంటి తరవాతి కోడలి కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నాయనమ్మను చెరలో పెట్టిన విజయరంగ చొక్కనాథుడు చాలా ఏళ్ళు ఏలాడు. పరమ భక్తుడు. శ్రీరంగంలో అతనివీ అతని కుటుంబానివీ నిలువెత్తు విగ్రహాలు, దంతపు బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. రాజు చేతులు జోడించి ఉంటాడు, పక్కన రాణి చేతులు జోడించి ఉంటుంది. 1732 ప్రాంతంలో సంతానం లేకుండా చనిపోయాడు. భార్య మీనాక్షి సింహాసనం ఎక్కింది. అత్తింటి పెద్దావిడలాగే తనూ ఏలాలనుకుంది. కానీ దాయాది వంగారు తిరుమలుడు అడ్డం వచ్చాడు. ఆర్కాటు నవాబు పక్షాన చందా సాహెబు సైన్యంతో వచ్చాడు. కోటి రూపాయలు తీసుకుని, ఖురాను మీద ఒట్టు వేసి రాణికి అండగా ఉంటానన్నాడట. బట్టలో చుట్టింది గ్రంథం కాదు, ఒట్టి ఇటుక అని ఇంకో కథ. 1736లో మళ్ళీ వచ్చి తిరుచిరాపల్లి కోటను తన చేతిలోకి తీసుకుని, రాణిని భవనంలోనే బంధించాడు. ఆమె విషం తీసుకుంది. మదురై నాయకుల రాజ్యం ఆమెతోనే ముగిసింది.

ఒకే వంశంలో రెండు తరాల తేడాతో ఇద్దరు రాణులు ఏలారు, ఇద్దరూ తమ భవనాల్లోనే ఖైదీలయ్యారు. శ్రీరంగంలో మీనాక్షిని చూస్తే మనం చూసేది భర్త పక్కన నిలబడ్డ భార్యను. మంగమ్మను చూస్తే దండం అందుకుంటున్న పాలకురాలిని. ఈ తేడాకు కారణం ఇద్దరి ధైర్యంలో ఉందని నేననుకోను. మంగమ్మకు పదిహేనేళ్ళు దొరికాయి, ఖజానాలో కట్టడాలకూ చిత్రకారులకూ మిగిలింది. మీనాక్షికి దక్కింది నాలుగైదేళ్ళు. ఆ నాలుగైదేళ్ళ ఖజానా సైన్యాలకూ, ఒట్టు వేసినవాళ్ళకూ పోయింది.

రాజులు కొలువు తీరిన తిరుచిరాపల్లి దర్బారు హాలులో ఇప్పుడు ప్రభుత్వ మ్యూజియం ఉంది. దాన్ని మంగమ్మ మహలనే అంటారు. మదురై గుడిలో 2018 ఫిబ్రవరి అగ్నిప్రమాదం తరవాత మొబైళ్ళు లోపలికి తీసుకెళ్ళనివ్వడం లేదు, కాబట్టి ఫోటో తీసుకుని తరవాత చూద్దామంటే కుదరదు. కోనేటి చుట్టూ గోడల మీద ఒకప్పుడున్న పాత బొమ్మల్లో తునకలే మిగిలాయి. ఈసారి పాస్ మీద వెళ్ళినప్పుడు కోనేరు పడమటి గట్టు దాటేటప్పుడు ఊంజల్ మండపం ఎక్కడని అడగండి. పైన ముందు అమ్మవారిని వెతకండి, తరవాత ఆమె ఎదుట ఉన్న దండాన్ని, ఆ తరవాత దాన్ని అందుకుంటున్న చేతిని. నగల సంగతీ, ఎదురుగా నిలబడ్డ మగమనిషి సంగతీ ఆఖరున చూడొచ్చు.